మూడో దిద్దుబాటు

బెంగళూరు మహదేవపురలో మా కథల కూటమికి ఒక పద్ధతి ఉంది. కథ మీద రచయిత పేరు ఉండకూడదు. మేం కలుసుకునే వెంకటరాయప్ప గారింటి మేడ మెట్ల దగ్గర మేకుకి ఒక గుడ్డ సంచీ వేలాడుతుంటుంది. రాసినవాళ్ళు తమ కాగితాలు అందులో వేసి పోతారు. నెలకోసారి, మొదటి ఆదివారం, ఆ సంచీ నా చేతికి వస్తుంది. నేను ఇంటికి తీసుకెళ్ళి ఎర్ర పెన్నుతో వ్యాఖ్య రాసి, మళ్ళీ సంచీలో పెడతాను. ఎవరిది వాళ్ళు తీసుకుని దిద్దుకుంటారు. రెండుసార్లు ఇలా జరిగాక వచ్చే మూడో ప్రతిని మాత్రం నేను ముందుగా చూడకూడదు. అందరి ముందూ కూర్చుని నేనే పైకి చదవాలి, చదివాక ఆఖరి మాట చెప్పాలి. ఆ మాట మీద ఇక దిద్దుబాటు లేదు.

నా పేరు హేమలత. వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పత్రాలు సరిచూసే ఉద్యోగం. వారమంతా ఇంగ్లిష్‌లో తప్పులు వెతికి, ఆదివారం తెలుగులో వెతుకుతాను. కూటమిలో పదిమందీ నాకు జంకుతారని తెలుసు. అది నాకు ఇష్టం కూడా. చెడ్డ రాత చదివితే నాకు నిజంగానే రోత పుడుతుంది. ‘ఆమె కనులు వర్షించాయి’ లాంటి వాక్యం ఎదురైతే, ఎవరో తల దువ్వుకున్న దువ్వెనని జుట్టుతో సహా నా చేతిలో పెట్టినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళని కాస్త మెచ్చుకుంటే పైకొస్తారని మా కూటమిలోనే కొందరంటారు. మెచ్చుకుంటే మళ్ళీ రాస్తారు, అదీ నా భయం.

జూన్ సంచీలో ఆ కథ వచ్చింది. పొడుగు గీతల కాగితాలు నాలుగు, నీలం బాల్‌పెన్ను, ఒకటో తరగతి పిల్లలకి దిద్దబెట్టినట్టు గుండ్రటి అక్షరాలు. శనివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని చదివాను. దోసె పిండి రుబ్బి అమ్ముకునే ఒకావిడ చనిపోతుంది. చనిపోయాక కూడా ఇంటింటికీ తిరుగుతుంది. ఏ ఇంట్లో బిడ్డ ఒంటరిగా ఉంటే ఆ ఇంటి గంట కొడుతుంది. పిండి చేతిని బిడ్డ నోటి దగ్గర పెట్టి, ఉప్పు చాలిందా అని అడుగుతుంది. ఆ తర్వాత బిడ్డ ఏమవుతుందో లేదు, ‘అంతా అయిపోయింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మధ్యలో చీకటి రాజ్యమేలింది, గాలి రోదించింది, గుడ్లగూబ కూడా ఒకసారి అరిచింది. బెంగళూరులో గుడ్లగూబ అరుపు ఎవరు విన్నారో నాకు తెలియదు.

అడుగున ఇలా రాశాను: ‘మీ దెయ్యానికి వాసన లేదు. ఆ చెయ్యి ఎలా ఉంటుందో మీకే తెలియదు. గుడ్లగూబలు తీసేయండి. వాసన, చెయ్యి కనిపించేలా మళ్ళీ రాయండి.’

మంచి వ్యాఖ్యే. ఇప్పటికీ అందులో ఒక్క మాట తప్పని అనలేను.

ఆ వారమే మా వంటింట్లో పులిసిన వాసన మొదలైంది. ఫ్రిజ్‌లో ఉన్న పిండి పారబోశాను. సింకు గొట్టంలో వేడినీళ్ళు, సోడా పోశాను. పనమ్మాయి మీద కేకలేశాను. వాసన పోలేదు సరికదా, ముదిరింది. ఎండలో మూడు రోజులు మరిచిపోయిన గిన్నె మూత తీస్తే ముక్కుకి కొట్టే పులుపు. దాని అడుగున ఇంకేదో మెత్తటి కుళ్ళు. అర్పిత, నా కూతురు, పదకొండేళ్ళది, ముక్కు మూసుకుని అన్నం తినేది. మా ఆయన బొమ్మసంద్రలో ఒక రంగుల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. రంగుల వాసనకి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. నాకేం రావట్లేదే అన్నాడు.

జూలైలో రెండో ప్రతి వచ్చింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అంచుల్లో తెల్లటి పెచ్చులు. గోటితో విడదీసి చదివాను, చదివి కాఫీ కప్పు పక్కకి జరిపేశాను. ఈసారి చెయ్యి ఉంది. మోచేతి దాకా పిండి, మడతల్లో ఎండి పగిలి, పగుళ్ళలోంచి లోపలి చర్మం నీళ్ళలో నానిన బూడిదరంగులో కనిపిస్తుంది. గోళ్ళ కింద పిండి ఇంకా పొంగుతూనే ఉంది. చిన్న చిన్న బుడగలు లేచి పగులుతున్నాయి. చనిపోయినావిడకి అది తెలియదు. వేలు నోట్లో పెట్టుకుని తనే రుచి చూసుకుంటుంది.

వెళ్ళి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. రోతతోపాటు సంతోషమూ కలిగింది, అది దాచుకోను. నేను చెప్పింది చెప్పినట్టు విని దిద్దుకున్న మనిషి ఈ కూటమిలో ఇన్నేళ్ళలో నాకు ఈ ఒక్కరే దొరికారు. అందుకే ఈసారి శ్రద్ధగా రాశాను: ‘చెయ్యి బాగా కుదిరింది. కానీ ఎవరి ఇల్లు అది? ఏ బిడ్డ? పేరు లేని బిడ్డకి ఏం జరిగినా పాఠకుడికి పట్టదు. బాగా తెలిసిన ఒక ఇంటికి తీసుకెళ్ళండి. బిడ్డకి పేరు పెట్టండి.’

నా చేత్తోనే రాశాను. సంచీలో పెట్టి వచ్చాను.

జూలై చివర్లో ఒక పొద్దున మా తలుపు మీద, గంట పక్కన, తెల్లటి అరచెయ్యి గుర్తు కనిపించింది. ఎండిపోయి బీటలు వారింది. పక్క ఫ్లాటు పిల్లల పని అనుకుని తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ జిగటగా సాగింది. ఆ గుడ్డని ఉతకబుద్ధి కాక చెత్తలో వేశాను.

ఆగస్టు మొదటి ఆదివారం మధ్యాహ్నం నుంచే వాన. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. అర్పితకి లెక్కల హోంవర్కు ఉంది, నేను వచ్చేదాకా ఎవరికీ తలుపు తియ్యవద్దని చెప్పి, ఆటోలో నాలుగింటికి వెంకటరాయప్ప గారింటికి చేరాను. ఆయనది కోలారు పక్క, డెబ్బై దాటిన మనిషి, ఈ ఇల్లు కట్టి నలభై ఏళ్ళు. కింద రోడ్డు వైపు ఒక గది షట్టరు కొన్ని నెలలుగా మూసే ఉంటోంది. దాని ముందు నుంచే మెట్లెక్కాలి. ఆ రోజు అక్కడ ఆగిపోయాను. మా వంటింటి వాసన అది.

ఇదేం వాసన అని అడిగాను. ఆయన సంచీ పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు.

“అది పోదమ్మా. రెండుసార్లు సున్నం కొట్టించినా. కదిరమ్మ పోయినాక ఈ రూము ఎవురూ బాడిగకు తీసుకోలేదు. వాసన అట్లే ఉండాది.”

“కదిరమ్మ ఎవరు?”

ఆయన షట్టరు వైపు చెయ్యి చూపించాడు. “నీకు గుర్తు లేదా? ఈడ పిండి రుబ్బతా ఉండె గదా. నీకు కథ ఇచ్చినాదే, ఆ యమ్మ.”

గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది.

నిరుడు దీపావళి ముందు సంగతి. ఆవిడ ఆదివారాలు పైకి వచ్చి తలుపు దగ్గర నేల మీద కూర్చునేది. ఎవరేం చదివినా నోరు కాస్త తెరుచుకుని వినేది. ఒకసారి కాగితాలు సంచీలో వెయ్యకుండా, మా పద్ధతి తెలియక, తిన్నగా నా చేతిలో పెట్టింది. వాటి మీద తడి వేళ్ళ గుర్తులు. పులుపు కంపు. నేను ఒకటిన్నర పేజీ చదివాను. మిగిలింది చదవలేదు. రాత చెడ్డదని కాదు. ఆ కాగితాలు పట్టుకోవడం నాకు రోతగా అనిపించింది. అందరి ముందూ, మొత్తం చదివానని చెప్పి, ఇది కథ కాదన్నాను. యాడ చాల్లేదో చెప్పమ్మా, దిద్దుకుంటా అంది ఆవిడ. దిద్దడానికి ఇందులో ఏమీ లేదు, మీకొచ్చిన పని పిండి రుబ్బడం, అది చేసుకోండి అన్నాను. ఎవరో నవ్వారు. ఆవిడ తల ఊపి, కాగితాలు తీసుకుని దిగిపోయింది. నేను రుమాలుతో చేతులు తుడుచుకున్నాను.

“ఆ యమ్మ పది దినాలకే పోయె,” అన్నాడు వెంకటరాయప్ప. “గుండె నిలిచిపోయినాదన్నారు. శనివారం మాపున రుబ్బతా రుబ్బతా గంగాళంలో చెయ్యి పెట్టి అట్లే ఒరిగిపోయింది. సోమారం షట్టరు తీసినాం. పిండి పొంగి పొంగి ఆ యమ్మ మొగమంతా మూసేసి ఉండె.”



“నీ మీద కోపమేం లేదమ్మా ఆ యమ్మకు,” అన్నాడాయన. “ఆ పది దినాలూ, దిద్దుకుంటా, దిద్దుకుంటా అంటానే ఉండె.”

సంచీలో కాగితాలు ఎవరు వేస్తున్నారో చూశారా అని అడిగాను. తను చూళ్ళేదట. పొద్దున లేచేసరికి ఉంటాయట, తడిగా.

నేను అప్పుడే ఇంటికి వెళ్ళిపోవాల్సింది. కానీ పైన ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ దయ్యాల కథల్ని చీల్చి చెండాడే హేమలత మెట్ల మీంచే పారిపోయిందంటే రేపు ఎలా తలెత్తుకుంటాను? నా పొగరు నన్ను పైకి నడిపించింది. కుర్చీలో కూర్చున్నాను. కరెంటు లేదు. కిటికీ దగ్గర వెలుతురు చాలింది. తడి కాగితాల కట్ట విడదీసి, పైకి చదవడం మొదలుపెట్టాను.

‘మహదేవపురలో ఆ ఇల్లు మూడో అంతస్తు. తలుపు పక్కన నీలం రంగు చెప్పుల స్టాండు ఉంటుంది. దాని మీద చిన్న బిడ్డ సైకిల్ హెల్మెట్ పెట్టి ఉంటుంది. ఆదివారం సాయంత్రం. వాన. అమ్మ కథలు చదవడానికి పోయింది. నాన్న బొమ్మసంద్రలో డ్యూటీ. బిడ్డ పేరు అర్పిత.’

నా గొంతు నాకే వినిపిస్తోంది. ఎక్కడా తడబడలేదు. వాక్యాలు అంత బాగున్నాయి. గుడ్లగూబలు లేవు, రోదనలు లేవు. బిడ్డ భిన్నాల లెక్క చేస్తూ పెన్సిల్ వెనక కొరుకుతోంది. ఫ్యాన్ తిరగడం లేదు. గోడ గడియారం నాలుగున్నర. గంట మోగదు కదా, కరెంటు లేదు. అందుకని ఎవరో అరచేత్తో తలుపు మీద మెల్లగా తడుతున్నారు. తడి అరచెయ్యి.

నా చేతి గడియారం చూసుకున్నాను. నాలుగున్నర.

ఆపాను. ఫోన్ తీసి అర్పితకి చేశాను. మోగింది... మోగింది... ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ జ్ఞానప్రకాశానికి చేశాను. మా ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

“ఒక అమ్మ పైకి వెళ్ళింది మేడం. చేతులకి పిండి ఉంటే, పిండి వేసే ఆమె అనుకున్నా.” అన్నాడు. “మీరే రమ్మన్నారంట కదా మేడం. ఇల్లు, పాప పేరు చెప్పింది.”

పైకి పరుగెత్తు, నా బిడ్డ ఒంటరిగా ఉంది అన్నాను. లిఫ్టు ఆగి ఉందన్నాడు. ముసలివాడు, మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కుతా మేడం అన్నాడు. ఎవరో నా వెనక నుంచి, తర్వాతేమైంది మేడం, చదవండి అన్నారు. వాళ్ళకి ఇదంతా కథే. వాళ్ళని తప్పుపట్టలేను. కథ అంత బాగుంది.

నేను పైకి చదవలేదు. కళ్ళతో పరుగెత్తాను. బిడ్డ తలుపు తీసింది... ఆవిడ లోపలికి వచ్చింది... నేల మీద తెల్లటి చుక్కలు... బిడ్డ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది... చెయ్యి చాపింది. గోళ్ళ కింద బుడగలు. ఉప్పు చాలిందా చెప్పమ్మా అంది. ఆఖరి కాగితం అడుగున ఒకే వాక్యం.

‘బిడ్డ నోరు తెరిచింది.’

అంతే. దాని కింద ఖాళీ. ఖాళీలో అవే గుండ్రటి అక్షరాలు: ‘ఇక్కడి నుంచి ఎట్లా రాయాలో నాకు తెలియడం లేదు. మీరు చెబితే దిద్దుకుంటాను.’

సిరా ఇంకా తడిగా ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. నేను వాసన లేదన్నాను, వాసన వచ్చింది. చెయ్యి లేదన్నాను, చెయ్యి వచ్చింది. ఇల్లు అడిగాను, బిడ్డ పేరు అడిగాను. ఇప్పుడు ఏ లోపం చెప్పినా అది సరిదిద్దుకుని వస్తుంది. ముగింపు చెబితే అదే జరుగుతుంది. ఏమీ చెప్పకపోతే, తనే రాసుకుంటుంది. ఎర్ర పెన్ను తీశాను. మొన తగిలి తడి కాగితం చిరిగింది. రాశాను.

‘చాలా బాగుంది. లోపమేమీ లేదు. ఇక్కడే ఆపేయండి. ఒక్క అక్షరం కూడా కలపవద్దు.’

కాగితం, పెన్ను అక్కడే పడేసి పరుగెత్తాను. వానలో ఆటో దొరకలేదు. సగం దూరం నడిచి, సగం పరుగెత్తి, ఔటర్ రింగ్ రోడ్డు దాటి, మెట్లెక్కి వెళ్ళేసరికి ఐదు దాటింది. జ్ఞానప్రకాశం మా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళలేదు.  తలుపు బార్లా తీసి ఉంది.

అర్పిత డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. పెన్సిల్ చేతిలోనే ఉంది. కుర్చీ పక్కన నేల మీద రెండు తెల్లటి మోకాళ్ళ గుర్తులు. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను రాసింది పనిచేసిందనుకున్నాను. అర్పితని గట్టిగా పట్టుకున్నాను.

అది నోరు తెరుచుకుని ఉంది. మూసుకోలేదు.

ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దవడ జారలేదన్నారు. ఎక్స్‌రే బాగుంది. తలకి స్కాన్ తీశారు, అదీ బాగుంది. మత్తుమందు ఇచ్చి చేత్తో మూస్తే మూసుకుంది, వదలగానే మెల్లగా తెరుచుకుంది. నొప్పి ఉందా అని అడిగితే అడ్డంగా తల ఊపుతుంది. మాట లేదు. పాలు చుక్కలు చుక్కలుగా గొంతులోకి వదులుతున్నాం. పెదాలు ఎండి పగులుతాయి, వెన్న రాస్తాను. దాని నోరు పులుపు కంపు కొడుతుంది. నా కన్నబిడ్డ నోటి ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. మనుషుల్ని రోతగా చూడడం బాగా అలవాటైన ఒళ్ళు ఇది, దాని దగ్గర కూడా మానుకోలేకపోతోంది. నా మీద నాకు కలిగే అసహ్యం ముందు చెడ్డ కథలన్నీ ఏపాటివి అనిపిస్తుంది.

ఇక్కడే ఆపమన్నది నేనే. ఆవిడ అక్షరం కూడా కలపకుండా ఆపింది.

పన్నెండో రోజున నాకు ఒక దారి తోచింది. ఆ కథకి ముగింపు నేనే రాశాను. జీవితంలో కథ రాయడం అదే మొదటిసారి. ‘బిడ్డ నోరు మూసుకుంది’ అని రాయడానికి ఒక రోజంతా పట్టింది. పేరు లేకుండా, తీసుకెళ్ళి సంచీలో వేశాను. మర్నాడు పొద్దున వెంకటరాయప్ప ఫోన్ చేసి, నీ కాగితం తిరిగొచ్చినాదమ్మా అన్నాడు. వెళ్ళి చూస్తే, అడుగున ఎర్ర సిరా, గుండ్రటి అక్షరాలు.

‘తెరిచిన నోరు ఊరికే మూసుకోదు. ఎందుకు మూసుకుందో రాయలేదు.’

కోపం లేదు అందులో. వెక్కిరింపు లేదు. సరిగ్గా నేనైతే ఏం రాసేదాన్నో అదే. రెండోసారి, బిడ్డకి కావలసింది నోటికి అందిందని, అందుకే మూసుకుందని రాశాను. అదీ తిరిగొచ్చింది.

‘కావలసింది ఏమిటి? నోట్లో ఏముంది? కనిపించేలా రాయండి.’

మూడోది రాయడానికి వారం పట్టింది. నోట్లో ఏముందో నేను రాయలేదు. చాలా మాటలు తోచాయి, ఒక్కటీ నమ్మలేకపోయాను. పాలన్నం అని రాస్తే పాలన్నమే వస్తుందని ఏం నమ్మకం? ఏదో ఉంది అని మాత్రం రాశాను. బిడ్డ దాన్ని ఇష్టంగా తింటోందని రాశాను. నాసిరకం వాక్యాలు. ఇంకొకరివైతే చింపి పారేసేదాన్ని. అయినా వేశాను. పద్ధతి ప్రకారం మూడో దానికి ఆఖరి మాటే, దిద్దుబాటు ఉండదు.

ఈ పొద్దున వెంకటరాయప్ప మళ్ళీ ఫోన్ చేశాడు. కాగితం రాలేదమ్మా, సంచీ ఖాళీగా ఉండాది అన్నాడు. ఫోన్ పట్టుకునే అర్పిత గదిలోకి వెళ్ళాను. అది మంచం మీద లేచి కూర్చుని ఉంది. నోరు మూసుకుని ఉంది. ఇరవై ఐదు రోజుల తర్వాత దాని పెదాలు రెండూ కలిసి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దగ్గరికి వెళ్ళి బుగ్గ మీద చెయ్యి వేశాను.

బుగ్గ కదులుతోంది. అది ఏదో నములుతోంది.

రాత్రి నుంచి మేం దానికి ఏమీ పెట్టలేదు. మెల్లగా, నేను రాసినట్టే ఇష్టంగా నములుతోంది. ఏదో గట్టిది పళ్ళ మధ్య చిట్లిన చప్పుడు నా అరచేతికి తగిలింది. ఏంటమ్మా అది, ఉమ్మెయ్యి అన్నాను. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. గుటక వేసింది.

తర్వాత మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.